మూసుకుపోయిన కార్బురేటర్ జెట్: కన్నం పెద్దది కాకుండా చెత్త తీయడం ఎలా

చోక్ లాగి ఉంచినంతసేపే ఇంజిన్ నడుస్తుంది, చోక్ నెట్టేయగానే ఆగిపోతుంది. లేదంటే యాక్సిలరేటర్ ఇస్తున్నంతసేపు బాగానే ఉండి, వదలగానే ఐడిల్‌లో నిలబడదు. నెలల తరబడి కదలకుండా పడి ఉన్న బండిలోనో, జెనరేటర్‌లోనో, గడ్డి కోసే మిషన్‌లోనో ఈ లక్షణాలు కనిపిస్తే ముందు పైలట్ జెట్‌ను అనుమానించాలి. జెట్ అంటే కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే, నడుమ సన్నని కన్నం ఉన్న చిన్న ఇత్తడి మర. పైలట్ జెట్‌నే కొందరు స్లో జెట్ అంటారు. థ్రాటిల్ దాదాపు మూసి ఉన్నప్పుడు ఇంజిన్‌కు పెట్రోలు అందేది దాని గుండానే. కార్బురేటర్‌లోని అతి సన్నని కన్నాల్లో అదొకటి కాబట్టి ముందు మూసుకుపోయేదీ అదే. అలా కాకుండా నెమ్మదిగా వెళ్తున్నప్పుడు బాగుండి, పూర్తిగా ఇవ్వగానే దగ్గుతూ ఊపు అందుకోకపోతే మెయిన్ జెట్‌ను చూడాలి.

కార్బురేటర్ విప్పేముందు ఒక చిన్న పరీక్ష. ఇంజిన్‌ను ఎలాగోలా ఐడిల్‌లో నిలబెట్టి మిక్స్చర్ స్క్రూను, అంటే ఐడిల్‌లో గాలి, పెట్రోలు పాళ్లు సర్దే స్క్రూను, పావు చుట్టు అటూ ఇటూ తిప్పండి. శబ్దంలో ఏ మార్పూ లేకపోతే పైలట్ దారిలో పెట్రోలు నడవడం లేదనుకోవచ్చు. ఐడిల్ స్క్రూ మరీ బిగించి థ్రాటిల్ తెరుచుకుని ఉన్నా ఇలాగే మార్పు తెలియదు, అందుకే ఐడిల్‌ను వీలైనంత తగ్గించి చూడాలి. తర్వాత ఫ్లోట్ బౌల్, అంటే కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె, కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేయండి. పెట్రోలు ధారగా రాకపోతే తప్పు జెట్‌ది కాదు, అంతకుముందే ఎక్కడో ఉంది: ట్యాంకు మూత గాలి కన్నం, పెట్రోలు కాక్, ఫిల్టర్, బౌల్‌లోకి పెట్రోలు దారిని తెరిచి మూసే ఫ్లోట్ నీడిల్. వాటిని వదిలేసి జెట్ మీద పడితే పూట దండగ.

ఆ కన్నం ఒక కొలత

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసుకు పట్టించుకోవాలి. జెట్‌లో ఉన్నది ఉత్త కన్నం కాదు, కొలత. ఇంజిన్‌కు ఎంత పెట్రోలు వెళ్లాలో తేల్చేది ఆ కన్నం వైశాల్యమే. కెయిహిన్ కంపెనీ పైలట్ జెట్ మీద 38 అని ఉంటే కన్నం అడ్డకొలత సుమారు 0.38 మిల్లీమీటర్లు. అది 0.42 అయిందనుకోండి. పెరిగింది వందో వంతుల్లో నాలుగు, కంటికి ఆనదు. కానీ వైశాల్యం 22 శాతం పెరిగిపోతుంది. మిక్స్చర్ స్క్రూను ఎంత తిప్పినా సర్దుకోని తేడా అది. ప్లగ్ నల్లబడుతుంది, ఐడిల్‌లో పెట్రోలు వాసన కొడుతుంది, మైలేజీ పడిపోతుంది.

జెట్ ఇత్తడిది. డ్రిల్ బిట్ ఉక్కుది, పైగా లోహాన్ని కోయడానికే పుట్టింది. మూసుకుపోయిన జెట్‌లో బిట్ పెట్టి గిర్రున తిప్పేస్తే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. అందుకని ఈ పనిలో బిట్ వంతు చివర్లో వస్తుంది, అదీ ఎక్కువగా కొలిచే పనిముట్టుగా.

అంకెల విషయంలో ఒక జాగ్రత్త. అన్ని జెట్ల మీదా ఉండేది అడ్డకొలత కాదు. మికుని కంపెనీ షడ్భుజి తల మెయిన్ జెట్ల మీది అంకె కన్నం సైజు కాదు, పారుదల లెక్క. ఒక కంపెనీ 100కీ ఇంకో కంపెనీ 100కీ పొత్తు కుదరకపోవచ్చు. మీ జెట్ ఏ రకమో తెలియకపోతే అంకెను నమ్మి బిట్ ఎంచుకోవద్దు. కన్నాన్నే కొలవాలి, ఎలాగో కింద చెప్తాను.

దగ్గర పెట్టుకోవలసినవి

కార్బురేటర్ క్లీనర్ స్ప్రే, కళ్లద్దాలు, పెట్రోలుకు తట్టుకునే చేతి తొడుగులు, ఒక తెల్లని ట్రే, మంచి టార్చి, భూతద్దం. గాలి కొట్టడానికి కంప్రెసర్ ఉంటే మేలు, లేకపోతే డబ్బాలో దొరికే గాలి స్ప్రే.

స్క్రూడ్రైవర్ విషయంలో రాజీ పడొద్దు. జెట్ తల మీది గాడిలో అటు నుంచి ఇటు దాకా నిండుగా కూర్చునే బ్లేడు కావాలి. సన్నటి బ్లేడు పెట్టి బలం చేస్తే మెత్తని ఇత్తడి అంచు చితికిపోతుంది, ఆ తర్వాత జెట్ బయటికి రావడమే పెద్ద పని అయి కూర్చుంటుంది. జపాన్ కార్బురేటర్ల బౌల్ స్క్రూలు చూడ్డానికి మామూలు ప్లస్ స్క్రూల్లాగే ఉంటాయి కానీ వాటి గాడి జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ బిట్ అందులోంచి పైకి జారి తలను అరగదీస్తుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనిపెట్టుకుంటే మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

ఇక కన్నంలో దూర్చేవి. వీటిని మెత్తనివాటి నుంచి గట్టివాటి వరకు వరసలో పెట్టుకోండి. మొదట నైలాన్: చేపలు పట్టే సన్న దారం, గట్టి బ్రష్ పోగు. తర్వాత రాగి: మెత్తని కరెంటు వైరు తొక్క తీస్తే వచ్చే పోగు. చాలా ఫ్లెక్సిబుల్ వైర్లలో ఆ పోగు 0.2 మిల్లీమీటర్లే, రాగి ఇత్తడి కన్నా మెత్తన కూడా. ఆ తర్వాత ఉక్కు తీగ: గిటార్ మొదటి తంత్రి 0.009 అంగుళాలది అయితే 0.23 మిల్లీమీటర్లు, 0.010 అయితే 0.25. చుట్టు లేని నున్నటి తంత్రే కావాలి. చుట్టు ఉన్నది ఆకురాయిలా పనిచేస్తుంది.

అన్నిటికన్నా చివర చిన్న డ్రిల్ బిట్లు, వాటిని పట్టుకునే పిన్ వైస్. పిన్ వైస్ అంటే వేళ్లతో తిప్పే బుల్లి చక్ పిడి. బిట్లను అంకెలతో గుర్తించే సెట్లలో అంకె పెరిగేకొద్దీ బిట్ సన్నబడుతుంది. 61వ నంబరు 0.99 మిల్లీమీటర్లు, 70వది 0.71, 76వది 0.51, 77వది 0.46, 78వది 0.41, 79వది 0.37, 80వది 0.34. మిల్లీమీటర్ సెట్లు సాధారణంగా 0.3 నుంచి మొదలై 0.1 చొప్పున పెరుగుతాయి. మెయిన్ జెట్‌కు అవి సరిపోతాయి కానీ పైలట్ జెట్‌కు ఆ మెట్లు మరీ ఎత్తు.

కొనేటప్పుడు హై స్పీడ్ స్టీల్ బిట్లే తీసుకోండి. సర్క్యూట్ బోర్డుల కోసం చేసే కార్బైడ్ బిట్లు లావు కాడతో, చవగ్గా, పదునుగా కనిపిస్తాయి. చేత్తో కాస్త పక్కకు వంగితే చాలు, పుటుక్కున విరిగి ముక్క జెట్‌లో ఉండిపోతుంది. గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే తీగల సెట్ కూడా చాలామంది వాడతారు. ఆ తీగల ఒంటి నిండా పళ్లుంటాయి, అవి చిన్న ఆకురాళ్లు. జెట్ దగ్గరికి వాటిని రానివ్వకపోవడమే మంచిది.

విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, గాలి ఆడే చోట, చుట్టుపక్కల నిప్పు, వెలుగుతున్న స్టవ్, స్పార్క్ వచ్చే మోటారు ఏదీ లేకుండా చూసుకుని మొదలుపెట్టండి. పెట్రోలు కాక్ మూసి, బౌల్‌లోని పెట్రోలు ఒక డబ్బాలోకి వదలండి. కార్బురేటర్ బయటంతా ముందే తుడవాలి. పైన ఉన్న మట్టి తెరిచాక లోపల పడితే చేసిన పనంతా మళ్లీ చేసుకోవాలి.

ప్రతి దశలో ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. మిక్స్చర్ స్క్రూ తీసే ముందు దాన్ని వేళ్లతో నెమ్మదిగా లోపలికి తిప్పుతూ, తగిలేదాకా ఎన్ని చుట్లు వచ్చాయో లెక్కపెట్టి రాసుకోవాలి. తగిలాక బిగించకూడదు, దాని కొన సూదిలా ఉండి ఇట్టే దెబ్బతింటుంది. బయటికి తీసేటప్పుడు స్ప్రింగ్, చిన్న వాషర్, ఆవగింజంత ఓ-రింగ్ వెంట వస్తాయి. చాలాసార్లు ఓ-రింగ్ రాకుండా కన్నం అడుగునే అంటుకుని ఉంటుంది. అక్కడ లేదనుకుని కొత్తది వేసేస్తే రెండూ కలిసి స్క్రూను సరిగ్గా కూర్చోనివ్వవు.

బౌల్ తీశాక ఫ్లోట్ పిన్ జరిపి ఫ్లోట్‌ను, నీడిల్‌ను పక్కన పెట్టండి. ఫ్లోట్ నాలుకను మాత్రం వంచొద్దు, పెట్రోలు మట్టం దాంతోనే నిర్ణయమవుతుంది. నడిమధ్య ఉండేది మెయిన్ జెట్, దాని పక్కన లోతైన గొట్టంలో దాగి ఉండేది పైలట్ జెట్. కొన్నింటిలో పైలట్ జెట్ మీద రబ్బరు బిరడా ఉంటుంది. జెనరేటర్ లాంటి చిన్న ఇంజిన్లలో కొన్నిటికి బౌల్‌ను పట్టి ఉంచే బోల్టే జెట్, దాని పక్కన సూదిమొనంత కన్నం ఉంటుంది. అది మెరిసే బోల్టు కదా అని పక్కన పెట్టేస్తే అసలు జెట్‌నే వదిలేసినట్టు.

జెట్ కదలకపోతే బలప్రయోగం చేయకండి. తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు స్క్రూడ్రైవర్‌ను గాడిలో నిలువుగా నొక్కి పట్టి తిప్పండి. తిప్పే బలం కన్నా నొక్కే బలం ఎక్కువ ఉండాలి.

చూడటం

జెట్‌ను టార్చికి ఎదురుగా పెట్టి భూతద్దంతో చూడండి. శుభ్రంగా ఉన్న జెట్‌లో వెలుతురు గుండ్రంగా, అంచు పదునుగా కనబడుతుంది. మూసుకుపోతున్న జెట్‌లో అదే వెలుతురు నెలవంకలా ఉంటుంది, అంచు చుట్టూ గోధుమరంగు జిగురు పేరుకుని ఉంటుంది. పూర్తిగా మూసుకుపోతే చీకటే. పైలట్ జెట్ లోపల మొత్తం ఒకే వెడల్పు ఉండదు. పొడవునా కాస్త వెడల్పైన దారి ఉండి, ఒకచోట మాత్రమే ఇరుకవుతుంది. కొలత కన్నం అంటే ఆ ఇరుకే. ఒంటి మీద పక్కలకు కనిపించే చిన్న కన్నాలు గాలి కలవడానికి. వెడల్పు వైపు నుంచి చూసి శుభ్రంగానే ఉందని తేల్చేస్తే ఇరుకు అలాగే ఉండిపోతుంది. రెండు వైపుల నుంచీ చూడాలి.

చెత్త రంగు చూసి మందు ఎంచుకోవచ్చు. గోధుమ, తేనె రంగు జిగురైతే అది పెట్రోలు ఆవిరైపోగా మిగిలిన బంక, కార్బురేటర్ క్లీనర్‌కు కరుగుతుంది. తెల్లని పొడి, ఆకుపచ్చ చిలుము అయితే నీటి వల్ల లోహం తిన్న గుర్తు. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని పీల్చుకుంటుంది కాబట్టి ఇది ఇప్పుడు ఎక్కువగానే కనబడుతుంది. అలాంటి చిలుము క్లీనర్‌కు సరిగా కరగదు. జెట్‌ను విడిగా పలచని వెనిగర్‌లో కొద్దిసేపు ఉంచి, నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టొచ్చు. కార్బురేటర్ బాడీని మాత్రం వెనిగర్‌లో వేయొద్దు, దాని జింకు, అల్యూమినియం మిశ్రమాన్ని ఆమ్లం తినేస్తుంది. కొందరు ఎర్రటి తుప్పు రేణువులు దొరికాయంటారు, అవి ట్యాంకు నుంచి వచ్చినవి. వాటి సంగతి చివర్లో.

నానబెట్టి, ఊది, అప్పుడు తీగ

జెట్‌ను చిన్న గిన్నెలో క్లీనర్‌తో నానబెట్టండి. తొందరపడేవాళ్లు పోగొట్టుకునేది ఇక్కడే. గంటల తరబడి నానితే తీగతో పని లేకుండానే బంక వదిలిపోయే జెట్లు చాలా ఉంటాయి. అల్ట్రాసోనిక్ క్లీనర్ ఉంటే ఇంకా మంచిది. ఓ-రింగులు, రబ్బరు డయాఫ్రమ్, ప్లాస్టిక్ ఫ్లోట్ ఇందులో వేయొద్దు, రబ్బరు ఉబ్బి మళ్లీ తన చోట ఇమడదు.

నానాక గాలి కొట్టండి. పెట్రోలు నడిచే దిక్కుకు ఎదురుగా కొడితే ఇరుక్కున్నది వచ్చిన దారినే బయటికి పోతుంది. జెట్‌ను వేళ్లతో పట్టుకుని కొట్టకండి, ఎగిరిపడితే దొరకదు. పట్టకారుతో గట్టిగా పట్టి, గుడ్డ మీద పెట్టి కొట్టాలి.

అప్పటికీ వెలుతురు రాకపోతే నైలాన్ పోగు, ఆపైన రాగి పోగు. పోగు కొనను ఏటవాలుగా కత్తిరిస్తే సులువుగా దూరుతుంది. క్లీనర్ ఒక చుక్క వేసి దూర్చి, ముందుకూ వెనక్కూ నెమ్మదిగా ఆడించండి. గుచ్చడం కాదు, రుద్దడం. దారి పడ్డాక పోగులు రెండో మూడో కలిపి మెలేసి అదే పని చేస్తే కన్నం గోడల మీది బంక కూడా వస్తుంది. ఇది దాటాకే గిటార్ తంత్రి. దాని కత్తిరించిన కొన చాకులా ఉంటుంది, ముందు సన్నటి ఎమెరీ పేపర్ మీద గుండ్రంగా అరగదీసి అప్పుడు దూర్చండి. కన్నం సైజులో మూడింట రెండొంతులకు మించని తీగనే వాడాలి.

డ్రిల్ బిట్ ఎప్పుడు, ఎలా

మెయిన్ జెట్ లాంటి కాస్త పెద్ద కన్నంలో రాయిలా గట్టిపడిన చిలుము తీగకు లొంగకపోతే అప్పుడు బిట్ తీయొచ్చు. కన్నం కన్నా కచ్చితంగా చిన్నదై ఉండాలి: 1.00 మిల్లీమీటర్ జెట్‌కు 0.8, మహా అయితే 0.9. కన్నానికి సరిగ్గా సరిపోయే బిట్ వాడకూడదు, అది గోడల్ని గీరుతుంది. పైలట్ జెట్‌లో కోసే కొనను పెట్టకపోతేనే మంచిదని నా అభిప్రాయం. 0.38 కన్నానికి దొరికే సన్నని నంబర్ బిట్ 0.34, మధ్య ఖాళీ వెంట్రుక మందం కూడా లేదు.

బిట్‌ను పిన్ వైస్‌లో బిగించేటప్పుడు బయటికి కొద్దిగా మాత్రమే వదలండి. పొడుగ్గా వదిలితే వంగి విరుగుతుంది. డ్రిల్ మెషిన్ మాట మరిచిపోండి. జెట్‌ను ఒక చేత్తో తేలిగ్గా పట్టుకుని, పిన్ వైస్‌ను రెండు వేళ్ల మధ్య ఉంచి, ఎడమవైపుకు, అంటే కోసే దిశకు ఎదురుగా తిప్పండి. అలా తిప్పితే బిట్ అంచు ఇత్తడిని కొరకదు, ఎండిన చెత్తను మాత్రం పొడి చేస్తుంది. ఆ పొడి గాడుల వెంట పైకి రాదు కాబట్టి రెండు మూడు చుట్లకోసారి బిట్ తీసి క్లీనర్ కొట్టి కడగాలి. వేళ్లకు కరుకుగా తగులుతున్నంతవరకు అది చెత్త. నున్నగా, జిడ్డుగా, పట్టినట్టు అనిపించిందా, ఆపేయండి. బిట్ కొన మీద పసుపుపచ్చని మెరుపు తునకలు కనిపిస్తే కోతకు గురవుతున్నది జెట్టే.

ఇరుక్కుని విరిగిన బిట్‌ను తవ్వి తీయడానికి ప్రయత్నించొద్దు, కొత్త జెట్ వేసుకోవడమే తెలివి. కొత్తది దొరకని పాత కార్బురేటర్ అయితే ఒక దారి ఉంది. గడియారాలు బాగుచేసేవాళ్లు ఇత్తడి భాగాల్లో విరిగిన ఉక్కు మరను పటిక నీళ్లతో కరిగిస్తారు. చిక్కటి పటిక నీళ్లను వెచ్చగా ఉంచి అందులో జెట్‌ను వదిలేస్తే ఉక్కు నెమ్మదిగా తినుకుపోతుంది, ఇత్తడి నిలుస్తుంది. రోజులు పట్టొచ్చు. కార్బైడ్ ముక్కకు ఇది పనిచేయదు.

కన్నం పెరిగిందా లేదా

చిన్న బిట్ల సెట్ నిజంగా పనికొచ్చేది ఇక్కడ. కాడ కూడా బిట్ సైజులోనే ఉండే రకం అయితే, బిట్‌ను తిప్పేసి నున్నటి వెనక వైపును కొలతగా వాడండి. 0.38 జెట్‌లో 79వ నంబరు కాడ, అంటే 0.37, ఏ బలమూ లేకుండా జారాలి. 78వది, అంటే 0.41, అసలు దూరకూడదు. చిన్నది దూరకపోతే ఇంకా జిగురు ఉంది. పెద్దది దూరితే జెట్ పాడైపోయింది, మార్చాలి. దూరడం లేదని నొక్కకండి, కాడ తన బరువుకే వెళ్లాలి.

కొలత సరిపోయినా ఒకసారి ధార చూడండి. జెట్ తలకు సరిపోయే సన్నని గొట్టం తగిలించి నీళ్లు పోస్తే కింద దారంలా నిటారుగా ధార రావాలి. పక్కకు వంకరగా చిమ్మితే అంచున ఏదో మిగిలి ఉంది, లేదా గీత పడింది. రెండు కార్బురేటర్లున్న ఇంజిన్ అయితే రెండు జెట్ల ధారల్నీ పక్కపక్కన పోల్చొచ్చు.

జెట్ ఒక్కటీ సరిపోదు

జెట్ తళతళలాడుతున్నా ఐడిల్ రాకపోతే బాడీలోని దారి మూసుకుని ఉంటుంది. పైలట్ జెట్ కూర్చునే కన్నంలోకి క్లీనర్ కొడితే అది మిక్స్చర్ స్క్రూ కన్నంలోంచీ, థ్రాటిల్ దగ్గరుండే చిన్న చిన్న కన్నాల్లోంచీ బయటికి రావాలి. ఒకదాన్ని వేలితో మూసి ఇంకోదాని నుంచి వస్తోందో లేదో చూడండి. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకండి, ఎటువైపు నుంచి చిమ్ముతుందో ముందుగా తెలియదు. ఈ దారుల్లో తీగ, బిట్ పెట్టొద్దు. లోపల మలుపులుంటాయి, విరిగితే తీసే మార్గం లేదు. మెయిన్ జెట్ పైన ఉండే, పెట్రోలులో గాలి కలిపే ఎమల్షన్ ట్యూబ్ పక్క కన్నాలూ ఒకసారి చూసుకోండి.

పెట్రోలు రంపాలకూ పొదలు కత్తిరించే మిషన్లకూ ఉండే డయాఫ్రమ్ కార్బురేటర్‌లో కంప్రెసర్ గాలి కొట్టకూడదు. లోపలి చిన్న చెక్ వాల్వు దెబ్బతింటుంది.

తిరిగి బిగించడం

జెట్‌ను ముందు చేతి వేళ్లతోనే మరల్లో పట్టించి, ఆపైన స్క్రూడ్రైవర్‌తో ఆనేదాకా తిప్పి, ఇంకాస్త మాత్రమే బిగించండి. ఇత్తడి మరలు మెత్తని బాడీలోకి వెళ్తున్నాయి, భుజబలం వద్దు. మిక్స్చర్ స్క్రూను రాసుకున్న చుట్లకే తిప్పిపెట్టండి. బౌల్ ఓ-రింగ్ గట్టిపడి చదునైపోయి ఉంటే కొత్తది వేయాలి.

కాక్ తెరిచి రెండు నిమిషాలు ఆగి, బౌల్ అంచు నుంచీ ఓవర్‌ఫ్లో గొట్టం నుంచీ పెట్రోలు కారుతోందేమో చూశాకే స్టార్ట్ చేయండి. ఇంజిన్ వేడెక్కాక చోక్ తీసేసి, మొదట్లో చేసిన మిక్స్చర్ స్క్రూ పరీక్షే మళ్లీ చేయండి. ఈసారి అటు తిప్పితే ఒకలా, ఇటు తిప్పితే ఒకలా శబ్దం మారాలి. ఇంజిన్ బాగా పరుగెత్తే చోట స్క్రూను వదిలేసి, ఐడిల్ సరిచేసుకోండి.

ఎర్రటి తుప్పు రేణువులు కనిపించిన వాళ్లు ట్యాంకు కడిగి, గొట్టం మధ్యలో కొత్త ఫిల్టర్ వేయకపోతే ఇదే జెట్‌ను త్వరలో మళ్లీ విప్పుతారు. ఇంజిన్‌ను నెలకు మించి పక్కన పెట్టే పనైతే కాక్ మూసి, డ్రెయిన్ స్క్రూ వదులు చేసి బౌల్ ఖాళీ చేసి పెట్టండి.